హిగురాషిలో రికా అర్థం కావాలంటే 1978కి వెళ్లాలి

హారర్ యానిమేలో ప్రీక్వెల్ ఎపిసోడ్ అనగానే చాలామందికి ముందే ఒక అనుమానం వచ్చేస్తుంది, మెయిన్ కథ అయిపోయాక డిస్కులు అమ్ముకోడానికి ఏదో ఫ్లాష్‌బ్యాక్ తెచ్చి అతికించి ఉంటారులే అని. కొన్ని సిరీస్‌ల విషయంలో ఆ అనుమానం కరెక్టే కూడా. కానీ "హిగురాషి నో నాకు కోరో ని"లో సీజన్ మధ్యలో వచ్చే రెండు ఎపిసోడ్లు, అంటే 2006 సీజన్‌లో 14, 15, వాటిని హిమత్సుబుషి-హెన్ అంటారు, అవి మాత్రం వేరే లెవెల్. అప్పటిదాకా పక్కన నిలబడి నవ్వుతూ ఉన్న ఒక చిన్నపిల్లని తీసుకొచ్చి కథ మొత్తానికి నడుమ కూర్చోబెడతాయి, అదీ పెద్దగా ఏమీ వివరించకుండానే. చూసినవాళ్లలో చాలామంది "ఆ రెండూ బోరు, హీరో కెయిచి లేడు, పోలీస్ కథ" అని స్కిప్ చేసేస్తుంటారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందే చెప్తున్నా, ఇందులో 2006 సీజన్, 2007లో వచ్చిన "కాయ్" సీజన్ రెండిటి స్పాయిలర్లూ ఉంటాయి. చూడనివాళ్లు చివరి పేరా చదివి, చూశాక మళ్లీ రండి.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. హినామిజావా అని జపాన్ కొండల్లో ఒక చిన్న పల్లెటూరు, గిఫు జిల్లాలో ఉన్న షిరకావాగో అనే నిజమైన ఊరిని చూసి గీశారు, ఏటవాలు గడ్డి పైకప్పుల ఇళ్లుంటాయి చూడండి, 1995లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన ఊరు, అదే. కథ జరిగేది జూన్ 1983లో. ఏటా వతనగాషి అనే జాతర రాత్రి ఒకరు చనిపోతారు, ఒకరు మాయమవుతారు, ఊరివాళ్లు అది ఊరి దేవుడు ఓయాషిరో-సామా శాపం అంటారు. ఒక్కో ఆర్క్‌లో, అంటే కథలో ఒక్కో భాగంలో, అదే జూన్ నెల మళ్లీ మొదలవుతుంది, అదే పిల్లలు, కానీ ఈసారి పిచ్చెక్కేది వేరేవాళ్లు, చచ్చేది వేరేవాళ్లు. ఇదంతా మొదట ర్యుకిషి07 రాసిన గేమ్, 2002 ఆగస్టులో కామికెట్ అనే ఫ్యాన్ల మేళాలో మొదటి భాగం అమ్మారు, ఈ హిమత్సుబుషి భాగం నాలుగోది, 2004 ఆగస్టులో వచ్చింది. ప్రశ్నలు వేసే నాలుగు భాగాల్లో ఇది ఆఖరిది, దీని తర్వాత జవాబుల భాగాలు మొదలవుతాయి. అంటే దీన్ని ఎక్కడ పెట్టాలో రాసినాయన బాగా ఆలోచించే పెట్టాడు.

ఇప్పుడు అసలు విషయం, రికా. 13వ ఎపిసోడ్ అయ్యేసరికి ఫురుదే రికా గురించి మనకి ఏం తెలుసు? గుడి పూజారి ఇంటి పిల్ల, అమ్మానాన్నా లేరు, సతోకో అనే ఫ్రెండ్‌తో కలిసి ఉంటుంది, "నిపా~" అని నవ్వుతుంది, "మీ~" అంటుంది, ఎవరైనా బాధపడితే తల నిమురుతుంది. ముద్దొచ్చే క్యారెక్టర్, అంతే. మొదటి మూడు ఆర్కుల్లో కథ నడిపేది కెయిచి, అతని భయాలూ అనుమానాలూ, రికా పక్కన ఉండే పిల్ల మాత్రమే. మూడో ఆర్క్‌లో గుడి దగ్గర కడుపు చీల్చి ఉన్న ఆమె శవం కనిపిస్తుంది, మనం షాకవుతాం, కానీ ఆ షాక్ కూడా "అయ్యో చిన్నపిల్లని చంపేశారే" అనే వరకే. ఆ తర్వాత ఊరు ఊరంతా విషవాయువుకి పోతుంది. అందరూ చచ్చిపోయాక ఇంక ఏం చెప్తాడు అనుకుంటూ 14వ ఎపిసోడ్ పెడితే, అది ఐదేళ్లు వెనక్కి, జూన్ 1978కి తీసుకెళ్తుంది.

1978లో హినామిజావాలో గొడవంతా డ్యామ్ గురించి. డ్యామ్ కడితే ఊరు మునిగిపోతుంది. శ్రీశైలం, పోలవరం ముంపు గ్రామాల కథలు వింటూ పెరిగిన మనకి ఈ భాగం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు, ఊరు మునిగిపోతుందన్న మాట మనుషుల్ని ఏం చేస్తుందో తెలుసు. ఊరంతా ఒక సమితి కట్టి పోరాడుతుంటారు, అదే టైంలో టోక్యోలో కన్‌స్ట్రక్షన్ మంత్రి మనవడిని ఎవరో కిడ్నాప్ చేస్తారు, అనుమానం ఈ ఊరి మీదకి వస్తుంది. విచారించడానికి అకసాకా మమోరు అనే కుర్ర పోలీసుని రహస్యంగా పంపిస్తారు. కొత్తగా ఉద్యోగంలో కుదురుకుంటున్నవాడు, భార్య యుకియే నిండు గర్భిణి, టోక్యోలో హాస్పిటల్లో ఉంది. ఇతను టూరిస్టులా ఊళ్లోకి వస్తాడు.

అక్కడ అతనికి కలిసే ఐదారేళ్ల పిల్ల రికా. ఊళ్లో ముసలివాళ్లంతా ఆమెని చూస్తే చేతులు జోడిస్తారు, ఎందుకంటే ఫురుదే వంశంలో వరసగా ఎనిమిది తరాలు మొదటి కాన్పు ఆడపిల్లే పుడితే ఆ ఎనిమిదో పిల్ల ఓయాషిరో-సామా అవతారం అని వాళ్ల నమ్మకం, రికా ఆ ఎనిమిదో పిల్ల. అకసాకాకి ఇవేవీ పట్టవు, తండ్రి కాబోతున్నవాడు కదా, చిన్నపిల్ల కనిపిస్తే మురిసిపోతాడు. ఆ పిల్ల కూడా ఊరు చూపిస్తూ తిప్పుతుంది, అదే నవ్వు, అదే "మీ~". ఇక్కడిదాకా మామూలే.

తర్వాత ఒక చోట ఇద్దరే ఉన్నప్పుడు రికా గొంతు మారిపోతుంది. ఈ సీన్ దగ్గర కొంచెం ఆగాలి. పిల్లల గొంతు పోయి, కింద స్థాయిలో, తొందర లేకుండా, పెద్దావిడ మాట్లాడినట్టు, టోక్యోకి తిరిగి వెళ్లిపో, లేకపోతే చాలా బాధపడతావు అని చెప్తుంది. వాయిస్ ఇచ్చింది తమురా యుకారి. ఆవిడ ఆ రెండు గొంతుల మధ్య మారే తీరు వింటే, అరుపు గానీ వణుకు గానీ ఏమీ ఉండవు, కేవలం నటించడం ఆపేసిన మనిషి గొంతులా ఉంటుంది. మనం ఇన్ని ఎపిసోడ్లుగా విన్న ముద్దు గొంతే నటన అన్నమాట, ఇదే అసలుది. మొదటిసారి చూస్తున్నప్పుడు ఇదంతా తట్టదు, దెయ్యం పట్టిందేమో అనిపిస్తుంది, వెన్ను జలదరిస్తుంది, ఆ ఎఫెక్ట్ కూడా కావాలనే పెట్టుకున్నదే. కానీ రెండోసారి చూసినప్పుడు భయం పోయి, ఈ పిల్ల ఎంత అలిసిపోయి ఉంది అనిపిస్తుంది, నాకైతే ఈ సీన్ రెండోసారే ఎక్కువ నచ్చింది.

ఇప్పుడు అకసాకా వైపు నుంచి ఆలోచించండి. అతను శత్రువుల ఊళ్లో ఉన్నాననుకుంటున్న పోలీసు. డ్యామ్ వ్యతిరేక సమితికి తన సంగతి తెలిసిపోయిందేమో అని లోపల భయం. అలాంటి టైంలో ఊరి గుడి పిల్ల, ఊరంతా దణ్ణం పెట్టే పిల్ల వచ్చి "వెళ్లిపో, లేకపోతే బాధపడతావు" అంటే అది ఎలా వినపడుతుంది? బెదిరింపులా. ఎవరో పెద్దలు పిల్ల నోటితో చెప్పించిన వార్నింగ్‌లా. అతను అలాగే తీసుకుంటాడు, చూసే మనమూ అలాగే తీసుకుంటాం, ఎందుకంటే 13 ఎపిసోడ్లుగా ఈ ఊరిని అనుమానించడమే మనకి నేర్పించారు. నిజానికి అది ఆ ఊళ్లో అతని మీద ఎవరైనా చూపించిన దయల్లో అన్నిటికన్నా పెద్దది. టోక్యో హాస్పిటల్లో యుకియే రోజూ మేడ మీదకి వెళ్తుంది, భర్త క్షేమంగా రావాలని ప్రార్థించడానికి. ఆ మెట్లలో ఒక పలక ఊడి ఉంది. ఆమె జారి పడుతుంది, చనిపోతుంది. అకసాకా వెంటనే వెళ్లిపోయి ఉంటే ఆమె మేడ ఎక్కేదే కాదు.

హిగురాషి మొత్తం నడిచేది ఈ ఇరుసు మీదే అని నా ఉద్దేశం. కెయిచి ఫ్రెండ్స్ మాటల్ని అనుమానించి నాశనమయ్యాడు, షియోన్ అనే ఇంకో అమ్మాయి అనుమానించి నాశనమైంది, ఇక్కడ అకసాకా కూడా అంతే, కాకపోతే అతను పిచ్చెక్కి కత్తి పట్టుకోలేదు, మర్యాదగా, బుద్ధిగా, డ్యూటీ చేస్తూ తప్పు అర్థం చేసుకున్నాడు. శాపం, రోగం, విషం ఏవీ లేకుండానే మాట చేరకపోతే మనిషి ప్రాణం పోతుందని ఈ ప్రీక్వెల్ చూపించేసింది.

కేసు సంగతి త్వరగా చెప్పేస్తా, అది అంత ముఖ్యం కాదు. లోకల్ డిటెక్టివ్ ఓయిషితో కలిసి అకసాకా ఆ పిల్లాడిని విడిపిస్తాడు, గాయపడతాడు. మధ్యలో మాజాంగ్ అనే పలకల ఆట ఆడే సీన్ ఒకటి ఉంది, సరదాగా ఉంటుంది, ఇద్దరికీ స్నేహం కుదిరింది అని చెప్పడానికి.

ఇక రాత్రి సీన్. అకసాకా భార్యకి ఫోన్ చేద్దామని చూస్తే లైన్ తెగిపోయి ఉంటుంది, కోసింది రికానే. దీని మీద ఫ్యాన్స్ ఎప్పటినుంచో వాదించుకుంటూనే ఉన్నారు, చెడు వార్త ఇంకాసేపు తెలియకుండా ఆపాలని చేసిందా, లేక వార్త తెలిస్తే అతను వెళ్లిపోతాడు, తను చెప్పాల్సింది మిగిలిపోతుందని చేసిందా. నేను రెండూ నిజమే అంటాను. అతని మీద జాలి ఉంది, దాంతోపాటే ఒక స్వార్థం కూడా ఉంది, ఎందుకంటే ఆ తర్వాత ఆమె మాట్లాడేది తన గురించే. వచ్చే ఏడాది డ్యామ్ సైట్ మేనేజర్‌ని చంపి ముక్కలు చేస్తారు అంటుంది. ఆ పై ఏడు సతోకో అమ్మానాన్న కొండ మీంచి పడిపోతారు. ఆ పై ఏడు తన తల్లిదండ్రులు. ఆ తర్వాత సతోకో అత్త. ఐదో ఏడు తను. ఇవన్నీ క్యాలెండర్‌లో సెలవలు చదివినట్టు వరసగా చెప్తుంది, ఏడవదు. చివర్లో మాత్రం ఒక మాట, తనకి పెద్ద కోరికలేమీ లేవని, ఇష్టమైనవాళ్లతో కలిసి సంతోషంగా బతకాలని ఉందని, చావాలని లేదని.

ఐదారేళ్ల పిల్ల తన చావు తేదీ చెప్పి, బతకాలని ఉంది అంటోంది, ఎదురుగా ఉన్న మనిషికి అది ఏమిటో కూడా అర్థం కాలేదు. తర్వాత అతనికి భార్య సంగతి తెలుస్తుంది, ఆ దుఃఖంలో ఊరు, పిల్ల, ఆ మాటలు అన్నీ కొట్టుకుపోతాయి. ఏళ్లు గడిచాక రిటైరైన ఓయిషిని కలిసినప్పుడు తెలుస్తుంది, ఆమె చెప్పింది చెప్పినట్టు జరిగిపోయిందని, 1983లో ఆమె చనిపోయిందని, ఊరే లేదని. అప్పుడర్థమవుతుంది అది జోస్యం చెప్పడం కాదు, సాయం అడగడం అని. అతను గుర్తుపెట్టుకుని ఉంటే వెళ్లేవాడే, మంచివాడు కదా, కానీ లేట్ అయిపోయింది.

మొదటిసారి చూస్తున్నప్పుడు ఇక్కడ ఒక పెద్ద ప్రశ్న మిగిలిపోతుంది, ఈ పిల్లకి ఇవన్నీ ఎలా తెలుసు. ఊరి పెద్దల ప్లాన్ విందా, నిజంగా దేవతా, లేక ఈమే హంతకురాలా. దీనికి జవాబు కాయ్ సీజన్‌లో గానీ రాదు. రికా ఈ జూన్ 1983ని లెక్కలేనన్ని సార్లు బతికింది, ప్రతిసారీ చంపబడుతుంది, హన్యూ అనే దేవత ఆమెని వెనక్కి తీసుకెళ్తుంది, మళ్లీ మొదలు, ఇలా 100 ఏళ్లకి పైగా. ఇంకో ముక్క కూడా అక్కడే తెలుస్తుంది, హన్యూ శక్తి తగ్గిపోతోంది, మొదట్లో ఏళ్ల తరబడి వెనక్కి వెళ్లగలిగేవాళ్లు, తర్వాత్తర్వాత అది కుంచించుకుపోయి వారాలకి వచ్చేసింది. ఇది తెలిశాక 1978 ఎపిసోడ్లకి ఇంకో అర్థం వస్తుంది. అంత వెనక్కి వెళ్లగలిగిన రోజుల్లోని రికా ఆమె, చేతిలో ఇంకా ఐదేళ్లు ఉన్న రికా. అకసాకా ఆ ఊరికి వచ్చేది ఆ ఒక్క జూన్‌లోనే, కొన్ని రోజులే. బయటి ప్రపంచంలో, పోలీసు శాఖలో, టోక్యోలో తన తరఫున నిలబడగల ఒకే ఒక్క మనిషి అతను. అంత వెనక్కి వెళ్లలేకపోతే అతన్ని ఇక ఎప్పటికీ కలవలేదు, కలిసినా సాయం అడగడానికి ఆలస్యమైపోతుంది.

అందుకే ప్రీక్వెల్ అంటే క్యారెక్టర్‌కి కొత్తగా ఒక బాధ కలపడం అనుకుంటే హిమత్సుబుషి అర్థం కాదు. అది మనకి ఇచ్చేది 1983లోని రికా మౌనానికి కారణం. ఆలోచించండి, అన్నీ తెలిసిన పిల్ల, తన ఫ్రెండ్స్ ఒకరి తర్వాత ఒకరు అనుమానంలో కూరుకుపోతుంటే ఎందుకు నోరు తెరవదు? మొదటి సీజన్ చూస్తున్నప్పుడు ఎవరికైనా ఈ ప్రశ్న వస్తుంది, కొంతమంది దీన్ని కథలో లోపం అని కూడా అంటారు. జవాబు 15వ ఎపిసోడ్‌లోనే ఉంది. ఆమె ఒకసారి నోరు తెరిచింది. తగినవాడినే చూసుకుని, అన్నీ చెప్పి అడిగింది. వచ్చిన ఫలితం ఏమిటంటే అవతల మనిషి భార్య చచ్చిపోయింది, ఇవతల తనూ చచ్చిపోయింది. దాని తర్వాత ఆమె చేసేది నవ్వడం, వైన్ తాగడం, రాత్రిళ్లు పెద్ద గొంతుతో ఒంటరిగా మాట్లాడుకోవడం, ఈసారి ఎవరికి పిచ్చెక్కుతుందో చూడటం. పక్కన ఉన్న హన్యూ కూడా ఆశ పెట్టుకోకు, పెట్టుకుంటే ఎక్కువ బాధ అనే రకం.

ఇది పట్టుకుని చూస్తే మొదటి సీజన్ చివరి ఆర్క్‌లో రికా మొహం వేరేలా కనిపిస్తుంది. కెయిచికి వేరే ప్రపంచంలో తను చేసిన హత్యలు గుర్తొస్తాయి, ఏడుస్తాడు, అది చూసి రికా నిశ్చేష్టురాలై నిలబడిపోతుంది. ఇన్నేళ్లలో తను తప్ప ఇంకొకళ్లు గుర్తుపెట్టుకోవడం ఆమె చూడనే లేదు. చెప్పిన మాట మర్చిపోయిన అకసాకా ఒక వైపు, ఎవరూ చెప్పకుండానే గుర్తు తెచ్చుకున్న కెయిచి ఇంకో వైపు. ఆ తేడా తెలియాలంటే హిమత్సుబుషి చూసి ఉండాలి, స్కిప్ చేసినవాళ్లకి ఆ సీన్ ఊరికే ఎమోషనల్ సీన్‌లా మిగిలిపోతుంది.

"మరి మెట్లు జారి పడుతుంది అని సూటిగా చెప్పొచ్చు కదా, ఎందుకు అలా డొంకతిరుగుడుగా" అని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ముక్కూమొహం తెలియని పోలీసుకి ఒక పసిపిల్ల, మీ ఆవిడ ఫలానా మెట్ల మీద పడిపోతుంది అంటే నమ్ముతాడా, నమ్మినా ముందు ఎవరిని అనుమానిస్తాడు? నా గర్భవతి భార్య ఏ హాస్పిటల్లో ఉందో ఈ ఊరివాళ్లకి ఎలా తెలుసు అని ఇంకా భయపడతాడు. ఎలా చెప్పినా బెదిరింపులాగే వినిపించే చోట నిలబడి చెప్తోంది ఆమె. పైగా అప్పటికి ఆమెకి మనుషుల్ని నమ్మించడం చేతకాదు, అది నేర్చుకోడానికే మిగతా కథంతా పట్టింది.

నేర్చుకుంటుంది కూడా. కాయ్‌లో ఆమె తన చావు సంగతి ఫ్రెండ్స్‌కి ఒక మాంగా (జపాన్ కామిక్) కథ ఐడియా అన్నట్టుగా చెప్తుంది, వాళ్లు దాన్ని ఆటగా మొదలుపెట్టి సీరియస్‌గా తీసుకుంటారు. చివరి ఆర్క్ మత్సురిబయాషిలో అయితే 1978 మళ్లీ వస్తుంది, ఈసారి హెచ్చరిక చేరుతుంది, యుకియే బతుకుతుంది, అకసాకా మాట గుర్తుపెట్టుకుని 1983లో టైంకి వచ్చి రికా ముందు నిలబడతాడు. ఆ ఫైట్ మాత్రం నాకు కొంచెం ఎక్కువైందనే అనిపిస్తుంది, అప్పటిదాకా ఉన్న సన్నని భయం అంతా పోయి యాక్షన్ సినిమా అయిపోతుంది. అయినా అతను వచ్చిన ఆ క్షణం మాత్రం ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తుంది, ఎందుకంటే అతను రాకపోవడం అంటే ఏంటో మనం ముందే చూసేశాం.

ఇదే సిరీస్‌లో ఇంకో రెండు గతాలు ఉన్నాయి, పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. షియోన్‌ది మెయకాషి ఆర్క్, 1982 నుంచి మొదలవుతుంది, సతోకో అన్న సతోషి మీద ప్రేమ, గోళ్లు పీకించుకునే శిక్ష, ఆ తర్వాత మనం ఇదివరకే చూసిన వతనగాషి ఆర్క్ హత్యలు ఈసారి ఆమె కళ్లతో. కథలో అసలు విలన్ తకానో మియోది కాయ్‌లో, అమ్మానాన్న పోయిన చిన్నపిల్ల, అనాథాశ్రమంలో నరకం, అక్కడినుంచి బయటపడటం. ఈ రెండూ "ఈ మనిషి ఎందుకిలా తయారైంది" అన్నదానికి జవాబులు, చాలా బలంగా కూడా ఉంటాయి, తకానో బాల్యం చూశాక ఆమెని పూర్తిగా ద్వేషించడం కష్టం. కానీ అవి కారణం చెప్పి ముగుస్తాయి. రికా ప్రీక్వెల్ కారణం చెప్పదు, ఆమెకి తెలిసినదాని లోతు ఎంతో చూపించి వదిలేస్తుంది, మిగతా 35 ఎపిసోడ్లు మనమే ఆమె మొహం చూసి వెతుక్కోవాలి.

బయటి ఉదాహరణ కావాలంటే "అనదర్" అనే హారర్ యానిమే. 2012లో సిరీస్ అయిపోయాక మేలో ఎపిసోడ్ 0 ఒకటి మాంగా వాల్యూమ్‌తో కలిపి ఇచ్చారు, అందులో హీరోయిన్ మెయి తన కవల మిసాకితో గడిపిన రోజులు. మొదటి ఎపిసోడ్‌లో లిఫ్టులో బొమ్మ పట్టుకుని మార్చురీకి వెళ్తున్న మెయి ఎవరి కోసం వెళ్తోందో అది చూశాక గుండెకి తగులుతుంది. బాగుంటుంది, నాకు ఇష్టం. కాకపోతే మిసాకి ఎవరో, చనిపోయిందనీ సిరీస్‌లోనే చెప్పేశారు కాబట్టి అది మనకి తెలిసిన నష్టానికి ఒక మొహం ఇస్తుంది, అంతవరకే. హిమత్సుబుషి సిరీస్ నడుస్తుండగానే, జవాబులు ఇంకా రాకముందే పెట్టారు, కాబట్టి దాని బరువు ముందున్న ఎపిసోడ్ల మీదా పడుతుంది, తర్వాత వాటి మీదా పడుతుంది. ప్రీక్వెల్ ఏం చెప్తుంది అన్నదానికన్నా దాన్ని ఎప్పుడు చూపిస్తున్నారు అన్నదే ఎక్కువ పని చేస్తుందని నాకు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే అనిపించింది.

కాబట్టి కొత్తగా చూసేవాళ్లు తేదీల వరస పెట్టుకుని 1978 ఎపిసోడ్లు ముందు చూడకండి, చాలామంది "కాలక్రమంలో చూస్తే ఈజీ" అని సలహా ఇస్తుంటారు, వినకండి, మొత్తం పాడైపోతుంది. 2006 సీజన్ 26 ఎపిసోడ్లు వరసగా, తర్వాత 2007 కాయ్ 24 ఎపిసోడ్లు వరసగా. ఇదే సిరీస్‌లో 2020లో వచ్చిన "గో" రీమేక్‌లా మొదలవుతుంది గానీ రీమేక్ కాదు, కాబట్టి పొరపాటున దానితో మొదలుపెట్టకండి. రెండు సీజన్లూ అయిపోయాక మళ్లీ 14, 15 పెట్టుకుని, ఈసారి అకసాకాని వదిలేసి, మొదటి నుంచి చివరిదాకా రికానే చూడండి, ముఖ్యంగా అతను నవ్వుతూ వేరే ఏదో మాట్లాడుతున్నప్పుడు ఆమె ఎటు చూస్తోందో.